హుగ్లీనదిపై పోటువెంట శ్రీరామపురమునకు

తెలుగు అచ్చుపుస్తకముల పుట్టుపూర్వోత్తరములు వెదకువారి చూపు సాధారణముగా రెండు తావులకు పోవును. ఒకటి జర్మనీదేశమునందలి హాలే నగరము. 1746-47 సంవత్సరములలో బెంజమిన్ షుల్ట్జ్ అను మతబోధకుడు అచట తెలుగు లిపిలో చిన్న పుస్తకములను అచ్చొత్తించెను. రెండవది చెన్నపట్టణము. 1812లో స్థాపింపబడిన సెంట్ జార్జి కోట కళాశాలయు, దాని ముద్రణశాలయు, పిమ్మట బ్రౌను దొర కావించిన కృషియు మనకు సుపరిచితములే. ఈ రెండింటి నడుమ మూడవ మజిలీ యొకటి కలదు. అది వంగదేశమున హుగ్లీనదికి పడమటి యొడ్డుననున్న శ్రీరామపురము. అచటివారు శ్రీరాంపూర్ అందురు. ఆంగ్లేయుల నోట అది సెరంపూర్ అయినది. డేనులు తమ రాజు పేరిట ఫ్రెడరిక్ నగరమని పిలిచిరి. తెలుగు వ్యాకరణ మొకటి ఇక్కడ అగ్నికి ఆహుతియై, రెండేండ్లలో మరల వ్రాయబడి, 1814లో అచ్చయినది. ఈ సంగతి మన సాహిత్యచరిత్రలలో ఒకటి రెండు వాక్యములకు మించి చోటు సంపాదించుకొనలేదు.

హౌరానుండి రైలులో అరగంట ప్రయాణము. అట్టి యూరికి పడవలో పోవుట యెందులకని మిత్రు లడిగిరి. హౌరానుండి హుగ్లీకి రైలు నడచినది 1854లో. అంతకు పూర్వము ఆ ముద్రణశాలకు వచ్చిన కాగితములు, సీసము, పండితులు, ఉత్తరములు, అచ్చయి వెలుపలికి పోయిన పుస్తకములు, అన్నిటికిని ముఖ్యమైన మార్గము ఈ నదియే. నదిని చూడక ఆ యూరిని చూచుట, వాకిలి చూడక ఇల్లు చూచినట్లుండునని నాకు తోచినది.

కలకత్తాలో బాబూఘట్టమున పడవ కుదుర్చుకొంటిమి. తెరచాప నావలు ఈ నదిపై ఇప్పుడు అరుదు. మాకు దొరికినది డీసెలు యంత్రము బిగించిన నాటుపడవ. అది చేయు చప్పుడునుబట్టి జనులు దానిని భట్‌భటి యని పిలుతురు. యంత్రమున్నది గదా, తెల్లవారగనే బయలుదేరుదమని నేనంటిని. సరంగు నవ్వి, పోటు వచ్చుదాక కదలుట లేదనెను. ఎదురునీటిలో పోయిన డీసెలు ఖర్చు ఇబ్బడి యగునట. యంత్రములు వచ్చినను నదిపై నడచు గడియారము మాత్రము మారలేదన్నమాట.

ఆ గడియారము గుఱించి కొంత చెప్పవలసియున్నది. సముద్రపునీరు చంద్రసూర్యుల ఆకర్షణచే ఇంచుమించు 12 గంటల 25 నిమిషముల కొకసారి పొంగును. అనగా నేటి పోటుకంటె రేపటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. ఆ పొంగు గరాటువలె సన్నగిలు నదీముఖమున జొరబడి, మెరకలుగల అడుగుపై ఎగబ్రాకుచు నవద్వీపము పరిసరములవఱకు పోవును. ఇట్లు ప్రాకుటలో అల ముందుభాగము నిటారగును. కావున కలకత్తాయొద్ద పోటుకాలము తక్కువ, పాటుకాలము ఎక్కువ. అమావాస్యా పూర్ణిమల తరువాత, ముఖ్యముగా వర్షకాలమున, ఈ నిటారుతనము మితిమీరి నీటిగోడయై పరుగెత్తుకొని వచ్చును. దానిని వంగీయులు బాన్ అందురు. అన్నిటికంటె పెద్దదానికి ఆబోతుల పోరాటమును స్ఫురింపజేయు పేరొకటి కలదు. రెండు మీటర్లకు పైగా లేచిన సందర్భములును ఉన్నవి. బాన్ వచ్చుచున్నదన్న కేక వినబడగనే పడవవారు రేవు విడిచి నడినదికి పోవుదురు. వినువారికి వింతగా తోచును గాని, అల విరిగి విధ్వంసము చేయునది ఒడ్డులయొద్దనే. లోతునీటిలో పడవ తలను అలకెదురుగా నిలిపినచో అది ఎత్తి దింపి పోవును. మేము అష్టమినాడు బయలుదేరితిమి గనుక ఆ దృశ్యము మాకు లభింపలేదు. సరంగున కది సంతోషమే.

మన తీరప్రాంతపు మాటలలో ఎక్కునది పోటు, దిగునది పాటు. పడు ధాతువునుండి పాటు, చెడు ధాతువునుండి చేటు ఏర్పడిన విధము వ్యాకరణము చదివినవారికి తెలిసినదే. నీరు పడిపోవుట పాటు. పోటునకు పొడుచుట యను అర్థమును కలదు. ఈ నదిపై బాన్ కథలు విన్నవారికి ఆ అర్థము అసందర్భముగా తోచదు. వంగభాషలో వీనికి జోవార్, భాటా యని పేరులు. పాటునీటిలో తెడ్డువేయు పని తీరిన నావికుడు పాడుకొను పాటయే భాటియాలీ యని ఆ పేరునకు వ్యుత్పత్తి చెప్పుదురు.

మధ్యాహ్నము పదునొకండు గంటలకు నీరు నిలిచినది. పావుగంటలో రేవుననున్న పూలదండలు, కొబ్బరిచిప్పలు ఉత్తరమునకు తిరిగినవి. పడవ విప్పితిమి.

హౌరా వంతెనక్రింద పోవునపుడు తల యెత్తి చూడనివాడుండడు. 1943లో తెరువబడిన ఈ వంతెనకు నదిలో స్తంభము లేదు. 457 మీటర్ల మేర రెండు గోపురములనుండి చాచిన ఉక్కుచేతులపై నిలిచియున్నది. పట్టిన ఉక్కు సుమారు 26,500 టన్నులు. అందధికభాగము టాటావారి కర్మాగారమున తయారైనదే. అటుపిమ్మట కుడివైపున దహనఘట్టములు, గిడ్డంగులు, శిథిలమైన జమీందారుల స్నానఘట్టములు వరుసగా గడచిపోవును. మేము బయలుదేరిన ఘట్టము 1830లో రాజచంద్రదాసు పేర కట్టబడినది. ఆయన భార్య రాణీ రాసమణి 1855లో ప్రతిష్ఠ చేయించిన దక్షిణేశ్వరాలయము తూర్పుటొడ్డున కనబడును. దానికి కొంచెము దిగువగా ఎదుటియొడ్డున బేలూరు మఠము. ఈ రెండింటిని గుఱించి తెలుగులో ఎందరో వ్రాసియున్నారు కావున నేను విరమించెదను.

బాలీ వంతెన దాటిన తరువాత నదికి మఱియొక ముఖము. పొగగొట్టములు, ఇటుకగోడలు, నీటిలోనికి చొచ్చిన ఇనుపకట్టడములు. పడమటనున్న రిష్రాలో 1855లో జార్జి ఆక్లండ్ అను నతడు భారతదేశమునందలి తొలి జనపనార యంత్రశాలను నెలకొల్పెను. తరువాత అర్ధశతాబ్దిలో ఇరుదరులును మిల్లులతో నిండిపోయినవి. నారకు నీటిమార్గము కావలెను, బొగ్గునకు నీటిమార్గము కావలెను, తయారైన గోతాలు ఓడలకు చేరుటకును నీటిమార్గమే కావలెను. నేడు వానిలో పెక్కింటికి తాళములు పడినవి. గోడలలో రావిచెట్లు మొలచినవి.

ఇచట నొక విశేషము గమనించితిమి. కలకత్తాలో పోటు తీరు వేళ ఎగువనున్న ఊళ్లలో ఇంకను నీరు ఎక్కుచునే యుండును. పోటువెంట ఎగువకు పోవు పడవ పోటుతో పాటు ప్రయాణించును గనుక, ఒడ్డున నిలుచున్నవానికంటె ఆ పడవలోనివానికి పోటుకాలము ఎక్కువసేపు దక్కును. దిగువకు వచ్చునపుడు ఇందుకు విపర్యయము. ఐరోపా వర్తకుల ఓడలు ఈ నదిలో అంతదూరము ఎగువకు పోగలుగుటకు ఈ సదుపాయమును ఒక కారణము. సుమారు 25 కిలోమీటర్లు గడచి నాలుగున్నరకు శ్రీరామపురపు రేవు చేరితిమి. యంత్రము నడచినది అందు సగముసేపు కూడ కాదు.

రేవుననే సెంట్ ఓలావ్ దేవాలయపు శిఖరము కనబడును. 1806లో పూర్తియైన ఆ దేవాలయమును, డేనుల కాలపు పూటకూళ్లయిల్లును ఇటీవల బాగుచేసియున్నారు. డేనులు 1755లో బెంగాలు నవాబుయొద్ద అనుమతి బడసి ఇచట వర్తకస్థానము పెట్టిరి. వారి వర్తకము గొప్పది కాదు. కాని వారి జెండా ఆంగ్లేయుల యధికారమునకు లోబడనిది. మతబోధకులు తమ రాజ్యమున ప్రవేశించుట ఆ కాలమున ఈస్టిండియా కంపెనీకి సమ్మతము గాదు. 1793లో వంగదేశము చేరిన విలియం కేరీ నీలిమందు కర్మాగారమున ఉద్యోగియై కాలము గడపుచుండెను. తరువాత వచ్చిన మార్ష్‌మన్, వార్డు అను సహచరులు కంపెనీ భూమిపై దిగలేక డేనుల యాశ్రయము పొందిరి. 1800 జనవరిలో కేరీయు వారితో కలిసెను. కావున తెలుగునకు శ్రీరామపురముతో సంబంధ మేర్పడుటకు మూలము డెన్మార్కు రాజు జెండాయే. ఆ జెండా 1845లో దిగినది. డేనులు ఈ యూరిని, దక్షిణమున తరంగంబాడిని కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు కంపెనీకి అమ్మివేసిరి.

ముద్రణశాల 1800లోనే ప్రారంభమైనది. అక్షరములు మలచినవాడు పంచానన కర్మకారుడు, అతని తరువాత అతని అల్లుడు మనోహరుడు. కమ్మరికులమున బుట్టిన ఈ ఇరువురి నేర్పువలననే తూర్పుదేశపు లిపులనేకము లోహరూపము ధరించినవి. వ్యాకరణములపై కేరీ పేరు మిగిలినది. ఉలిపట్టిన చేతుల పేరు తెలిసినవారు కొందఱే.

1812 మార్చి 11వ తేది బుధవారము సాయంకాలము ముద్రణశాలలో అగ్ని రగిలినది. కేరీ ఆనాడు ఊర లేడు. ఫోర్ట్ విలియం కళాశాలలో పాఠములు చెప్పుటకై అతడు ప్రతి మంగళవారము పడవలో కలకత్తాకు పోయి శుక్రవారము తిరిగి వచ్చుచుండెను. మఱునాడు ఉదయము మార్ష్‌మన్ కలకత్తాకు పోయి ఈ వార్త తెలిపెను. కాగితపు నిల్వ, పదునాలుగు భాషల అచ్చులు, కేరీ సంస్కృతనిఘంటువు వ్రాతప్రతి దగ్ధములయ్యెను. ఆ నష్టముల పట్టికలో అతని తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతి యంతయు నున్నది. మిగిలినవి అచ్చుయంత్రములు, బూడిదలోనుండి ఏరుకొన్న ఉక్కు ముద్రికలు. కరగి గడ్డకట్టిన సీసమును తిరిగి పోతపోసి కొద్దినెలలలో పని సాగించిరి. వ్యాకరణమును కేరీ మొదటినుండి మరల వ్రాసెను. అది 1814లో తెలింగాణ భాషా వ్యాకరణమను ఆంగ్లనామముతో వెలువడినది. విశాఖపట్టణమునందలి మతబోధకులు చేసిన సువార్తల యనువాదము 1812లోను, తెలుగు క్రొత్త నిబంధన 1818లోను ఇచటనే అచ్చయినవి.

ఈ వ్యాకరణమున కేరీ పీఠికలో వెలిబుచ్చిన యొక అభిప్రాయము తెలుగువారికి ముఖ్యము. హిందూదేశపు భాషలు ప్రధానముగా సంస్కృతమునుండి పుట్టినవనియు, తెలుగు, కన్నడము, తమిళము, మలయాళము మొదలగునవి ఆ మూలమునకే చెందినవైనను ఉత్తరదేశభాషలకంటె మిక్కిలి భిన్నములైనవనియు ఆయన భావించెను. ఆ వాక్యమున రెండవ సగము సరియైన పరిశీలన. మొదటి సగము అంగీకృతసిద్ధాంతమును తలవంచి అనుసరించుట. కంటికి కనబడిన భేదమును ఒప్పుకొనియు దాని కారణమును వెదకలేదు. రెండేండ్లకే చెన్నపట్టణమున సమాధానము వచ్చినది. 1816లో అచ్చయిన కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక ఉపోద్ఘాతము చేర్చెను. అందు కేరీ మాటలనే ఉదాహరించి, తెలుగు ధాతువులను సంస్కృతధాతువుల ప్రక్కనుంచి పోలికలేమిని చూపెను. పిమ్మట తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను ప్రక్కప్రక్కల నుంచి పోలికను చూపెను. కాల్డ్వెల్ గ్రంథమునకు 40 ఏండ్లు ముందుగా దక్షిణభాషలది వేఱు కుటుంబమని నిరూపించిన వ్రాత యిది.

ఎల్లిస్‌నకు ఈ సామగ్రి ఎచటనుండి వచ్చినది? కళాశాలలో పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతుమాలనుండి, బందరు వర్తకుడు మామిడి వేంకయ్య ఆంధ్రదీపిక పీఠికలో విభజించి చూపిన తత్సమ తద్భవ దేశ్యములనుండి. కేరీ తెలివితక్కువవాడు కాడు. ఆయన చుట్టును ఉన్నది సంస్కృతవంగపండితుల లోకము. తెలుగుదేశము ఆయన చూడలేదు. ఎల్లిస్ చుట్టును ఉన్నవారు దేశ్యమును సంస్కృతమునుండి వేఱుచేసి చూపు సంప్రదాయమున పెరిగిన తెలుగు పండితులు. నన్నడిగినచో ఈ వివాదమును ఆంగ్లేయు లిరువురి వాదముగా గాక, హుగ్లీతీరపు పాఠశాలకును కృష్ణాతీరపు పాఠశాలకును జరిగిన వాదముగా చదువవలెను. కేరీ పుస్తకము 1812లోనే కాలి మరల వ్రాయబడక పోయియున్నచో ఎల్లిస్‌నకు ఎదుట నిలిపి ఖండించుటకు తెలుగు వ్యాకరణపు పీఠిక యుండెడిది కాదనునది వేఱు మాట.

సాయంకాలము దాటుపడవలో ఎదుటనున్న బారకపురమునకు పోతిమి. గవర్నరు జనరలుల విహారభవనము, 1824లో బర్మాయుద్ధమునకు పోనిరాకరించిన సిపాయిల వధ, 1857 మార్చి 29న మంగళపాండే తిరుగుబాటు, అన్నియు ఆ ఒడ్డువే. కాని నాకు జ్ఞాపకమున్నది దాటుపడవలోని సంభాషణము. నేను చేత పట్టుకొనియున్న కాగితము 1814 వ్యాకరణములోని యొక పుటకు నకలు. ప్రక్కనున్న వృద్ధుడొకడు దానివంక చూచి, మేము మాటలాడుకొను తెలుగు విని పలుకరించెను.

"మీదే ఊరు బాబూ?"

గోదావరి ప్రాంతమని చెప్పితిని. మీదెక్కడ తాతా యని అడిగితిని.

"మా తాతగారు శికాకులం కాణ్ణుంచి టిటాగఢ్ మిల్లులో పనికొచ్చేసినారు. నేను పుట్టిందీ ఇక్కడే, పని సేసిందీ ఇక్కడే. ఇవి మన అచ్చరాలేనా బాబూ? నాకు రావు. హిందీ అయితే కూడబలుక్కుంటాను."

కాగితము చేతికిచ్చితిని. కొంతసేపు చూచి, "మా అమ్మ ఏసే ముగ్గునాగున్నాయి" అని తిరిగి ఇచ్చెను.

గంజాం, విశాఖపట్టణ మండలములనుండి పందొమ్మిదవ శతాబ్ది చివర మొదలై వేలకొలది తెలుగు కూలీలు ఈ మిల్లులకు వలసవచ్చిరి. వారి భాష ఇండ్లలో నిలిచినది. లిపి అన్ని ఇండ్లలోను నిలువలేదు. 2020 డిసెంబరులో పశ్చిమబెంగాలు మంత్రివర్గము తెలుగునకు అధికారభాషాహోదా నిచ్చుటకు నిశ్చయించినది. ఈ తీరపు మిల్లుబస్తీలలో ఆ నిశ్చయము బడిపుస్తకముగా మారినదా లేదా యనునది ఎవరైన పోయి పరిశీలింపదగినది. మన శాఖలలో పరిశోధనాంశము వెదకు విద్యార్థులకు ఇంతకంటె దగ్గఱి విషయము దొరకదు.

మఱునాటి పోటుతో చందననగరము. నదీతీరపు విశాలవీథి, చెట్లు, బల్లలు మిక్కిలి మనోహరములు. డూప్లే 1731నుండి పదేండ్లు ఇచట అధికారిగా నుండి, తరువాత పుదుచ్చేరికి గవర్నరుగా పోయెను. 1757 మార్చిలో వాట్సన్, క్లైవులు దీని కోటను పడగొట్టిరి. పలాసీయుద్ధమునకు మూడునెలల ముందు సంగతి యిది. యానాము గుఱించి తెలిసినవారికి ఈ ఊరి తరువాతి చరిత్ర ఆసక్తి గొలుపును. 1949 జూనులో ప్రజాభిప్రాయసేకరణము జరిగి 7,473 మంది భారతదేశమున కలియుటకు, 114 మంది ఫ్రాన్సుతో నుండుటకు ఓట్లు వేసిరి. 1950లో పాలన చేతులు మారినది. 1954 అక్టోబరులో ఊరు పశ్చిమబెంగాలులో కలిసిపోయినది. అదే సంవత్సరము నవంబరులో భారతదేశపు చేతికి వచ్చిన యానాము మాత్రము చుట్టునున్న తెలుగునేలలో కలియక పుదుచ్చేరితోనే నిలిచినది.

చిన్సురా డచ్చివారిది. 1824 నాటి ఒడంబడికచే వారు దీనిని ఆంగ్లేయులకు వదలిరి. మరుసటియేట ఇది చేతులు మారినప్పుడే, అదే ఒడంబడికక్రింద, భీమునిపట్టణము, పాలకొల్లు, కాకినాడయొద్ద జగన్నాథపురము కూడ చేతులు మారినవి. అటుతరువాత హుగ్లీ ఇమాంబాడా గడియారపుగోపురములు, 1887 నాటి జూబిలీ వంతెన స్థానమున 2016లో వచ్చిన క్రొత్త వంతెన, ఆపైన బాండెల్.

బాండెల్ పేరు బందరు అను పారసీకపదమునుండి వచ్చినదే. మన మచిలీపట్టణమునకు బందరని పేరు తెచ్చిన పదమును అదే. పోర్చుగీసువారు పదునాఱవ శతాబ్ది చివర ఇచట స్థిరపడిరి. ఎగువనున్న సప్తగ్రామపు రేవు సరస్వతీపాయ పూడుటచే క్షీణించిన కాలమది. 1632లో షాజహాను సైన్యము వారిని ముట్టడించి వెడలగొట్టెను. చర్చి పిమ్మట తిరిగి కట్టబడినది. తెలుగును రెండు శతాబ్దులపాటు ఐరోపావారు పిలిచిన జెంతూ యను పేరు ఈ పోర్చుగీసువారి మాటయే. అన్యమతస్థుడని దాని అర్థము. కాంబెల్ తన వ్యాకరణపు పేరులో కూడ దానిని పేర్కొనెను. కేరీ దానిని విడిచి తెలింగాణ యనెను.

ఒకప్పుడు సప్తగ్రామము పూడినట్లే కలకత్తా రేవును పూడుచుండగా, ఒండ్రును తోసివేయుటకై 1975లో ఫరక్కా ఆనకట్టనుండి 40,000 ఘనపుటడుగుల నీటిని క్షణక్షణము ఇటు మళ్లించు కాలువ పని మొదలుపెట్టినది. అయినను నదిలో ఇసుకమేటలు తరుగలేదని సరంగు మాట. బాండెల్ రేవునకు ఎదుట నీరు తీసినప్పుడు బయటపడిన మేటను అతడు చేయి చాచి చూపెను. దానిపై కొంగలు వ్రాలియున్నవి. పాటు మొదలై గంటయైనది. ఇంక నిలిచినచో పడవ బురదలో కూర్చుండునని తొందరపెట్టగా, చర్చిలో కొన్న క్రొవ్వొత్తులు వెలిగింపకయే చేతపట్టుకొని దిగివచ్చి పడవ యెక్కితిమి.